ఇరవై లెక్కపెట్టే దాకా

కెటిల్ ముక్కులోంచి ఆవిరి సన్నగా మొదలైంది.
"ఇంకా కాదు" అన్నాడు ఆల్విన్.
నాలుగేళ్ల తర్వాత మా అన్న నాతో అన్న మొదటి మాట.

లింకన్‌షైర్‌లో, కంకర తవ్వుకుని
కంపెనీ వదిలేసి పోయిన గుంత ఇది.
ఇప్పుడు చెరువంటున్నారు, టికెట్టు పెట్టారు.
నవంబరు. గట్టు మీద ఆకుపచ్చ గుడారం,
లోపల గ్యాస్ పొయ్యి, మడత మంచం,
తడి కుక్క వాసన.
కుక్క మాత్రం మే నెలలోనే పోయిందట.
నాకెవరూ చెప్పలేదు.

అన్న ఎడమ చేతికి సిమెంటు కట్టు.
బిస్కెట్ ఫ్యాక్టరీ మెట్ల మీద జారాడు.
అందుకే పిలిచాడు.
పిలవలేదు, వాళ్లావిడ చేత చెప్పించాడు.

దారాన్ని చక్రానికి చుట్టి అమ్ముతారు.
జానెడు కోసి బల్ల మీద పెట్టి చూడండి,
చక్రం ఇంకా తన లోపలే ఉన్నట్టు
మళ్లీ ముడుచుకుంటుంది.
ఇక్కడ గాలాలు వేసేవాళ్లు దాన్ని జ్ఞాపకం అంటారు.
ఉప్పూ పప్పూ గురించి చెప్పినట్టే చెబుతారు:
"ఆ రకం కొనకు, దానికి జ్ఞాపకం ఎక్కువ."

ముడుచుకున్న దారానికి కార్ప్ చిక్కదు.
అడుగు బురదలో ఎరని లోపలికి పీల్చి, రుచి చూసి,
అనుమానమొస్తే రెప్పపాటులో ఉమ్మేస్తుంది.
ఉమ్మే ఆ క్షణాన దారం నిటారుగా ఉంటేనే
కొక్కెం తిరగబడి కింది పెదవిని పట్టుకుంటుంది.
ఇద్దరం నాన్న దగ్గరే నేర్చుకున్నాం.
నేను బాగా నేర్చుకున్నాను.
అది ఇంకో గొడవ.

"ఇప్పుడు" అన్నాడు.

ఇంట్లో అయితే ఒక కొసని మేకుకి కట్టేవాడట.
గుడారానికి మేకు ఎక్కడిది?
ఆ కొస నా చేతికిచ్చాడు.
మధ్యలో ఆవిరి.
వేళ్లు చురుక్కుమన్నాయి.
"లాగు. మరీ అంత కాదు."
ఎక్కువసేపు ఉంచితే దారం తెల్లగా పాలిపోయి
చేప బరువుకి పుటుక్కుమంటుంది.
తక్కువైతే కుక్కతోకే.
ఆవిరిలోంచి పక్కకి జరిపి, బిగువు సడలకుండా
చల్లారే దాకా పట్టుకోవాలి. కష్టమంతా అక్కడే,
చేతులు కాలేటప్పుడు కాదు.
ఇరవై దాకా లెక్కపెట్టమనేవాడు నాన్న.

ఒకటి, రెండు, మూడు.
నాలుగు. నాన్న పడవని నన్నడక్కుండా అమ్మేశాడు.
ఏడు. నూట నలభై పౌండ్లకి.
ఎనిమిది, తొమ్మిది.
పదకొండు. నాన్నని పూడ్చిన రోజు, అందరి ముందూ,
నేనూ ఒక మాట అన్నాను.
పదిహేను. ఆ మాట ఇక్కడ రాయను.
పద్దెనిమిది. దారం అటు చివర వణుకుతోంది,
ఇటు చివర కూడా.
ఇరవై.

ముందు వదిలింది నేనే.
దీపం దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.
"మేకే నయం" అన్నాడు.

ఇంకో పదకొండు తీశాం.
పలక మీద పిన్నుల మధ్య వరసగా బిగించాం.
కొక్కేలు నేనే కట్టాను, ఒంటి చేత్తో ముడి పడదు కదా.
బిగించే ముందు నోట్లో పెట్టి తడిపాను.
చూస్తూనే ఉన్నాడు.
"నాన్న ముడే వేస్తున్నావు."
"నువ్వు వెయ్యవా?"
"నాది జారుతుంది" అన్నాడు,
ఎర డబ్బా మూత తీస్తూ, ఎవరికో చెప్పినట్టు.

ఈ చెరువులో ఒక ముసలి కార్ప్ ఉంది.
తెల్లవారుజామున ఐదింటికి గట్టు పక్కకొచ్చి
నీళ్లు కదుపుతుందని దానికి పాలవాడని పేరు.
నాన్న ఒకసారి పట్టాడు, ముప్ఫై ఒక్క పౌండ్లు.
పెదవి గాయానికి మందు రాసి,
పసిపిల్లని ఉయ్యాల్లోకి దించినట్టు నీళ్లలోకి దించాడు.
ఫోటోలో మేమిద్దరం వల చెరో పక్కా పట్టుకుని ఉంటాం,
నా మొహం సగం కోసేసి ఉంటుంది.

రాత్రంతా గంట మోగలేదు.
ఐదు దాటాక రెల్లు పక్కన ఒక్కసారి
బరువుగా చప్పుడైంది.
ఇద్దరం విన్నాం.
ఇద్దరం అటు చూడలేదు.

కెటిల్‌లో మిగిలిన నీళ్లతో టీ పెట్టాడు,
పాల సీసా మూత పళ్లతో తీసి.
నా కప్పులో రెండు చెంచాల చక్కెర వేశాడు.
చక్కెర మానేసి నాకు మూడేళ్లు.

తాగాను.